పూర్తికాల సైన్యమా, ప్రాదేశిక సేనయా, హోంగార్డా?

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు నంటియున్న దెగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాలలో, ఇంట తెలుగును బడిలో మరాఠీని మాట్లాడుచు పెరిగిన పిల్లలు బారావీ (పన్నెండవతరగతి) పరీక్ష ముగిసిన మరునాటినుండియే, తెల్లవారకమునుపు లేచి రహదారులపై పరుగులు తీయుట యిప్పుడొక ఆచారమైనది. నాందేడ్ నగరమున స్టేడియము చుట్టును, గోదావరి గట్టుల వెంబడిని ఇదే దృశ్యము. వీరిలో స్వయముగా సైనికజీవితమును కోరి వచ్చినవారు లేకపోలేదు. కాని పెక్కుమందిని పరుగెత్తించుచున్నది తల్లిదండ్రుల మనస్సున పాతుకొనియున్న యొక నమ్మకము. ‘ఒకసారి ఫౌజులో పడెనా, వాని బ్రతుకునకు ఇక ఢోకా లేదు’ అను ఆ నమ్మకమును నేనీ వ్యాసమున పరీక్షింపదలచితిని.

అది తాతల కాలమున నిజమే. సిపాయిగా చేరినవాడు పదిహేనేండ్లు కొలువుచేసి, నలుబదియేండ్లు నిండకమునుపే పింఛనుతో ఇల్లుచేరి, బ్యాంకులోనో రైల్వేలోనో మాజీసైనికుల వాటా క్రింద రెండవ యుద్యోగమును సంపాదించి, రెండెకరములు కొని, బిడ్డల పెండ్లిండ్లు చేసి, ఊరివారి యెదుట తలయెత్తుకొని తిరిగినాడు. సాతారా జిల్లాలో అప్శింగే మిలిటరీ, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరము వంటి గ్రామములు తమ పేరులోనే సైన్యమును చేర్చుకొనినవి. అట్టి యిండ్లలో తండ్రి చూచిన సుఖమును కొడుకునకును కోరుట సహజము. అయితే తండ్రి చేరిన సైన్యపు షరతులు వేరు, కొడుకు చేరబోవు సైన్యపు షరతులు వేరు. ఈ భేదమును తెలిసికొనకయే అప్పుచేసి అకాడమీలకు ఫీజులు కట్టువారిని చూచినప్పుడు నాకు జాలికంటె కోపమే యధికముగా కలుగును; ఏలయన ఆ యజ్ఞానమునకు మూల్యము చెల్లించునది తండ్రి కాదు, పందొమ్మిదేండ్ల పిల్లవాడు.

నాలుగేండ్ల లెక్క

2022 జూన్ 14న ప్రకటింపబడిన అగ్నిపథ్ విధానమున సిపాయిగా చేరు ప్రతివాడును అగ్నివీరుడే. పదునేడున్నర యేండ్లు నిండి యిరువదియొకటి దాటని అవివాహితుడు దరఖాస్తు చేయవచ్చును. శిక్షణతో కలిపి సేవ నాలుగేండ్లు. అటుపిమ్మట నూటికి 25 మందికి మించకుండ స్థిరసేవకు తీసికొని, తక్కినవారిని పంపివేయుదురు. పంపబడినవారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీసైనికుడను హోదాయు లేదు. మొదటి యేడు నెలకు 30,000, రెండవ యేడు 33,000, మూడవ యేడు 36,500, నాలుగవ యేడు 40,000 రూపాయలు వేతనము; అందులో నూటికి 30 నిధికి పోగా, తొలియేడు చేతికి వచ్చునది 21,000.

ఇంటికి వచ్చునప్పుడు సేవానిధి పేరిట సుమారు 11 లక్షల 71 వేలు ముట్టును. ఊళ్లలో ఈ మొత్తము నొక వరముగా చెప్పుకొందురు. లెక్కవేసి చూడుడు: అందులో 5 లక్షల పైచిలుకు పిల్లవాని జీతమునుండి నెలనెల కోసికొనినదే, అంతియే మొత్తమును ప్రభుత్వము జతచేసినది, మిగిలినది వడ్డీ. పన్ను లేదు, ఇది మేలే. కాని ఆ సొమ్ము చేతబట్టుకొని యింటి గుమ్మమున నిలిచినవానికి ఇరువదిరెండు మొదలు ఇరువదియైదేండ్ల వయస్సుండును; వాని తోడిచదువరులు అప్పటికి డిగ్రీ ముగించి యుద్యోగములలో కుదురుకొని యుందురు. 2023 ఆరంభమున శిక్షణకు చేరిన తొలిజట్టు 2026 చివరికి, 2027 ఆరంభమునకు నాలుగేండ్లు పూర్తిచేయునది. కావున ఈ ప్రశ్న యింకెంతమాత్రమును ఊహాగానము కాదు.

అట్లని అగ్నివీరుని మార్గమును నేను నిందించుటలేదు. ఇది కొందరికి చక్కగా నప్పును. బారావీతో చదువుపై మనస్సు విరిగి, శరీరదార్ఢ్యమును క్రమశిక్షణయందు ఇష్టమును గలిగి, నాలుగేండ్ల పిదప ఏమి చేయవలయునో ముందే నిశ్చయించుకొనిన పిల్లవాడు నిస్సంకోచముగా పోవచ్చును. అగ్నివీరులకొరకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రత్యేకమైన డిగ్రీని ఏర్పరచినది. సైనికశిక్షణయే అందులో సగము క్రెడిట్లుగా లెక్కకు వచ్చును. ఆ డిగ్రీలో పేరు నమోదుచేసికొని చదివినవాడు, కేంద్ర సాయుధ పోలీసు దళములలో అగ్నివీరులకు ప్రకటించిన వాటాను గూడ వినియోగించుకొని, నష్టపోకుండ బయటపడగలడు. డిగ్రీ రెండవ సంవత్సరమున మంచి మార్కులతో నున్న పిల్లవానిచేత చదువు మాన్పించి ‘భర్తీ’కి పంపు తండ్రిని మాత్రము నేను ఏ విధముగను సమర్థింపజాలను. ఆ పిల్లవాడు అదే డిగ్రీతో అధికారియే కాగలడు. దానినిగూర్చి ముందు చెప్పెదను.

అకాడమీల వల

మరాఠ్వాడాలో ప్రతి తాలూకా కేంద్రమునను భర్తీ అకాడమీలు వెలసినవి. రేకుల షెడ్డు, ఒక మైదానము, గోడపై ట్యాంకు బొమ్మ, ద్వారమువద్ద ఎంపికయైనవారి ఛాయాచిత్రములు; ఇంతమాత్రమునకే ఊరినుండి వచ్చిన తండ్రి మెత్తబడును. వసతి, భోజనము, శిక్షణ కలిపి కట్టించుకొను మొత్తము ఒక చిన్నరైతు యేడాది సోయాబీను పంటను మ్రింగివేయును. పెక్కు తావులలో పరుగు నేర్పుటకు మాజీసైనికుడొకడుండును. గణితమును, సామాన్యజ్ఞానమును నేర్పుటకు తగినవాడుండడు. ఎంపిక క్రమము మారినదని తెలియని తల్లిదండ్రులకు ఈ లోపము కంటబడదు. పూర్వము ర్యాలీ ముందు, వ్రాతపరీక్ష తరువాత. 2023 నుండి కంప్యూటరుపై వ్రాతపరీక్ష ముందు. అందు నెగ్గినవానికే మైదానము. ఏడాదిపాటు 1.6 కిలోమీటరుల పరుగును నిమిషములు సెకండ్లు లెక్కించి సాధించిన పిల్లవాడు, వాచీ చూపు అవకాశమే రాక, తొలిగడపలోనే వెనుదిరుగుచున్నాడు.

పరుగు నేర్చుకొనుటకు డబ్బు అక్కరలేదు. ఊరి బడి మైదానము చాలును. గాయము కాకుండ నెమ్మదిగా దూరమును పెంచుకొను ఓర్పు చాలును. త్వరపెట్టు అకాడమీలలో పిల్లలు గట్టి తారురోడ్లపై దినమునకు రెండుపూటలు పరుగెత్తి, కాలిముందు యెముకలకు సన్ననిపగుళ్లు తెచ్చుకొని, నొప్పిమాత్రలు మ్రింగి మరల పరుగెత్తుచుందురు. కొన్నిచోట్ల కండలకని చెప్పి సూదిమందులును ఎక్కించుదురని వినుచున్నాము. అట్టి మందు పేరును, ఇచ్చినవాని యర్హతను తల్లిదండ్రులు అడుగవలయును. సమాధానము తడబడినచో పిల్లవానిని ఆ సాయంకాలమే ఇంటికి తీసికొనిపోవలయును. చెడిన మోకాలితో సైన్యమే కాదు, పోలీసు భర్తీయు, అటవీశాఖయు దూరమగును. అసలు ధ్రువపత్రములను దాచిపెట్టుకొను అకాడమీని, ‘లోపల మనవాడున్నాడు’ అని గుసగుసలాడు దళారిని దూరముగా ఉంచుడు. వ్రాతపరీక్షను దిద్దునది కంప్యూటరు. పరుగును కొలుచునది గడియారము.

అకాడమీ యొక్క ప్రభావము చదువునకే పరిమితము కాదు. 2022 జూన్ 17న సికిందరాబాదు రైల్వేస్టేషనులో అగ్నిపథ్‌కు వ్యతిరేకముగా చెలరేగిన అల్లరులలో రైలుపెట్టెలు తగులబడినవి, పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించినాడు, ఎందరో పిల్లలు కేసులలో ఇరుకుకొన్నారు. వారిని పురికొల్పినవారిలో శిక్షణాలయముల నడుపువారును కలరని పోలీసులు అప్పుడు అభియోగించిరి. ఆ ఆదివారమే సైనికాధికారులు, అల్లరులలో పాల్గొనలేదని ప్రతిజ్ఞాపత్రము నీయనివానికి, పోలీసు విచారణలో నిలువనివానికి చోటులేదని ప్రకటించిరి. ఒక్క యుదయమున ఆవేశపడిన పిల్లవాని మూడేండ్ల పరుగు అచటనే ఆగిపోయినది. ఫీజు తీసికొనినవారు మరుసటి యేడు క్రొత్త జట్టును చేర్చుకొనిరి.

సరిహద్దు కుటుంబములకు మరియొక మాట. నాందేడ్ జిల్లా పిల్లలు ఛత్రపతి సంభాజీనగర్ (ఔరంగాబాదు) సైనిక భర్తీ కార్యాలయము పరిధిలోనివారు. తెలంగాణ పిల్లలు సికిందరాబాదు పరిధిలోనివారు. నిజామాబాదులో మేనమామ ఇంటి చిరునామాపై డొమిసైల్ పుట్టించి అచట దరఖాస్తు చేయుట తెలివి కాదు. ధ్రువీకరణలో బయటపడినచో అది మోసమను నేరము. 1956 నవంబరు 1న ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడినది. బంధుత్వములు గీతకు ఆవల నిలిచియుండవచ్చును, దరఖాస్తుమాత్రము గీతకు ఈవలనే నిలువవలయును. భాషవిషయమున బెంగ వలదు: పరీక్షను తెలుగునను మరాఠీయందును వ్రాయవచ్చును. ఇంట మాట్లాడు భాషను గాక, గణితమును చదివిన భాషను ఎంచుకొనుడు.

ప్రాదేశిక సేన: ఉద్యోగము కలవానికే

ఈమధ్య రెండవ భ్రమ యొకటి ప్రబలినది. అగ్నివీరుడైనచో నాలుగేండ్లే, కావున టెరిటోరియల్ ఆర్మీలో, అనగా ప్రాదేశిక సేనలో, చేరినచో ఇంటిపట్టున నుండి ఫౌజీ యనిపించుకొనవచ్చునని కొందరి తలపు. మనదేశమున యువకుడు నేరుగా చేరదగిన రిజర్వు సైన్యము ప్రత్యేకముగా లేదు. పూర్వము సిపాయిలు 1888 నాటి రిజర్వు దళముల చట్టము క్రింద, కొన్నియేండ్లు పటాలమునను మరికొన్నియేండ్లు పిలుపునకు లోబడి ఇంటియొద్దను గడపెడివారు. ఇప్పుడు పౌరుడు పౌరుడుగానే యుండి సైనికుడగు మార్గము ప్రాదేశిక సేన యొక్కటియే. 1948 నాటి చట్టము దీనికి ఆధారము. 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి దీనిని ప్రారంభించిరి. 1962, 1965, 1971 యుద్ధములన్నిటను ఈ సేన పాల్గొన్నది.

దీని మూలసూత్రమును మన తల్లిదండ్రులు తలక్రిందులుగా గ్రహించుచున్నారు. ఇది యుద్యోగము నిచ్చు సంస్థ కాదు. ఉద్యోగమున్నవానినుండి కొంతకాలమును కోరు సంస్థ. అధికారిగా చేరగోరువాడు పట్టభద్రుడై, 18–42 యేండ్ల మధ్యవాడై, ఏదేనొక వృత్తిలో సంపాదించుచుండవలయును. తొలియేట నెలదినముల ప్రాథమిక శిక్షణయు, ప్రతియేట రెండు మాసముల వార్షిక శిబిరమును, తొలి రెండేండ్లలోపున డెహ్రాడూనులోని సైనిక అకాడమీయందు మూడు మాసముల శిక్షణయు ఉండును. శిక్షణకో విధికో పిలిచిన కాలమునకు మాత్రమే వేతనము. అది పూర్తికాల సైనికుని వేతనముతో సమానము. తక్కిన మాసములలో నీ దుకాణము, నీ బడి, నీ కార్యాలయము నిన్ను పోషింపవలయును. సుదీర్ఘకాలము విధిలో గడపినవారికి తప్ప పింఛనులేదు.

ఇంటిపట్టున నుండుట యనునది గూడ భ్రమయే. 2025 మేలో పాకిస్తానుతో ఘర్షణ తీవ్రమైన దినములలో, కేంద్రప్రభుత్వము ప్రాదేశిక సేనలోని ప్రతి అధికారిని, ప్రతి సిపాయిని పిలిపించు నధికారమును సైన్యాధ్యక్షునకు ఇచ్చుచు ఉత్తర్వు వెలువరించినది. 32 పదాతిదళ బెటాలియనులలో 14 బెటాలియనులను విధిలోనికి దింపుటకు నిర్ణయించినది. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు చెల్లును. పంట కోతకు వచ్చినదనియు, భార్యకు నెలలు నిండినవనియు చెప్పి మానుకొనుటకు వీలుండదు. పిలుపు వచ్చిననాడు పోవుటకు ఇంటిల్లిపాది సిద్ధముగా లేనిచో దరఖాస్తు చేయనేకూడదు. మహేంద్రసింగ్ ధోనీ, కపిల్ దేవ్‌లను చూచి మురియువారు వారివి గౌరవపదవులని మరువరాదు. లేహ్‌లో, కుప్వారాలో పహరాకాయునది పేరులేని తోటమాలి, గుమాస్తా, ఆటోడ్రైవరు.

సిపాయి పదవులకు 2024 నవంబరులో కొల్హాపూర్, బెల్గాం, పితోరాగఢ్ లలో జరిగిన ర్యాలీలకు పిల్లలు వేలుగా తరలిపోయి ఫుట్‌పాతులపై పండుకొనిరి. వారిలో అధికులు యే వృత్తియు లేనివారు. దీనిని పూర్తికాలపు కొలువని తలచి పోయినవారు. అధికారుల పరీక్షకును ఇప్పుడు కోచింగు పుట్టినది. 2025 ప్రకటనలో ఖాళీలు 19 మాత్రమే. పందొమ్మిది స్థానములకు దేశమంతటినుండి పోటీపడు పరీక్షకై ఉద్యోగమును వదలి చదువుమని చెప్పు శిక్షకుడు, ఉద్యోగమే యర్హతయైన పరీక్షకు నీయర్హతనే పోగొట్టుచున్నాడు.

ఇన్ని హెచ్చరికలు చేసినను, తగినవానికి నేను మిక్కిలి యిష్టముతో సూచించు మార్గమిదియే. నాందేడ్ రైల్వే డివిజనులో పనిచేయుచున్నవాడు, జిల్లా పరిషత్తు ఉపాధ్యాయుడు, బ్యాంకు ఉద్యోగి, స్వంత వ్యాపారము కలవాడు, ముప్పదియవ యేట ‘చిన్ననాట ఫౌజునకు పోవలయుననుకొంటిని’ అని నిట్టూర్చువాడు ఎందరో కలరు. వారికి ద్వారము మూతపడలేదు. 1708లో ఈ నాందేడ్ గోదావరీతీరమున గురు గోవింద సింగు మాధోదాసు అను బైరాగిని చేరదీసి, బందా సింగ్ బహాదూర్‌గా పంజాబునకు సేనానాయకునిగా పంపినప్పుడు బందా వయస్సు సుమారు ముప్పదియెనిమిది. పనిచేయు సంస్థతో ముందుగా మాట్లాడి, నిరభ్యంతర పత్రమును పొందుడు. సేవకు పోయి వచ్చినవానిని మరల పనిలో చేర్చుకొనవలయునని చట్టమున్నది. ఐనను ప్రైవేటు యజమానితో స్నేహభావము చెడకుండుటకు చట్టముకంటె ముందుమాట మేలు. మనకు సమీపమున సికిందరాబాదులో గార్డ్స్ రెజిమెంటుకు చెందిన 125వ ప్రాదేశిక బెటాలియనును, కొల్హాపూరులో మరాఠా లైట్ ఇన్ఫంట్రీకి చెందిన 109వదియు కలవు.

హోంగార్డు, సాయుధ పోలీసు

‘గార్డు’ శబ్దము వినగానే అమెరికా బంధువులు చెప్పిన నేషనల్ గార్డు తలపునకు వచ్చువారు కొందరు గలరు. అచట నెలకొక వారాంతమును, ఏటికి రెండు వారములును సేవ. చదువు ఖర్చునకు సహాయము. గవర్నరునకును అధ్యక్షునకును లోబడిన దళము. 2001 తరువాత ఆ వారాంతపు సైనికులే యేడాది, అంతకంటె నెక్కువకాలము ఇరాకు ఆఫ్ఘనిస్తానములలో గడపిరి. అచటి పౌరసత్వమో శాశ్వతనివాస హక్కో లేని మన విద్యార్థికి ఆ దారి తెరచియుండదు. మన హోంగార్డు దానికి సమానము కాదు. 1946 డిసెంబరు 6న బొంబాయిలో మతకల్లోలముల వేళ పుట్టిన స్వచ్ఛందదళమది. బందోబస్తునకు పోలీసులకు తోడ్పడును. విధి చేసిన దినములకే భత్యము. హోంగార్డులను క్రమబద్ధీకరింప నక్కరలేదని, ఐనను వారి భత్యము పోలీసు కానిస్టేబులు కనీస వేతనమునకు తగ్గరాదని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఇది సంసారమును పోషించు కొలువు కాదు. పదవతరగతి చదివి, పోలీసు భర్తీకి చదువుచున్న యువకునకు మాత్రము ఉపయోగము కలదు: మహారాష్ట్రలో మూడేండ్లు హోంగార్డు సేవ చేసినవానికి పోలీసు, అటవీ, అగ్నిమాపక శాఖలలో నూటికి 5 స్థానముల వాటా యున్నది. మూడేండ్లకు మించి ఆ ఆశలోనే కూర్చుండిన, వయస్సు మీరిపోవును.

ఇల్లు నిలువవలయును, నెలజీతము ఆగకూడదు, ఒంటిపై యూనిఫారము ఉండవలయును అను కుటుంబములకు నేను తడుముకొనక చెప్పునది కేంద్ర సాయుధ పోలీసు దళములు. మన జిల్లాలోని ముద్‌ఖేడ్‌లోనే సి.ఆర్.పి.ఎఫ్. శిక్షణ కళాశాల యున్నది. ప్రక్కనున్న హింగోలీలో రాష్ట్ర రిజర్వు పోలీసు దళపు 12వ గ్రూపు కలదు. ఇవి పూర్తికాల కొలువులు. కేంద్రదళములలో అరువదేండ్లవరకు సేవ. కానిస్టేబులు పరీక్షను 2024 నుండి తెలుగు, మరాఠీలతో సహా పదమూడు ప్రాంతీయ భాషలలో వ్రాయవచ్చును. ఛత్తీస్‌గఢ్ అడవులును కాశ్మీరు చలియును ఇందునుగలవు, సుఖమని చెప్పుటలేదు. కాని ఇరువదియైదవ యేట ఇంటికి పంపివేయరు.

ఇంకొక వలను గూర్చి చెప్పక తప్పదు. రష్యాలో ‘సహాయకుని’ ఉద్యోగమని, భద్రతాపని యని నమ్మించి లక్షలు గుంజి, మన యువకులను యుక్రెయిన్ యుద్ధరంగమున దింపిన దళారులపై 2024 మార్చిలో సి.బి.ఐ. కేసు నమోదుచేసినది. హైదరాబాదు యువకుడొకడు అచటనే ప్రాణము కోల్పోయెను. తెలంగాణ, కర్ణాటకములనుండి పోయినవారు కొందరు ఎంతో యాతనతో తిరిగివచ్చిరి. విదేశసైన్యమున డబ్బుకై చేరుమని చెప్పువాడు ఎవడైనను, వాని మాట వినునది తండ్రి కాక పోలీసుస్టేషనై యుండవలయును.

డిగ్రీయే పెద్ద ఆయుధము

మన తెలుగు పిల్లలు సిపాయి పరుగులకే పరిమితమగుటకు కారణము శక్తిలేమి కాదు; ఇంటిలో ఎవ్వరును అధికారి కాకుండుటచే ఆ దారి కానరాదు. పదవతరగతి పిదప రెండేండ్లు ఎన్.డి.ఏ. (జాతీయ రక్షణ అకాడమీ) పరీక్షకు తయారుచేయుటకై మహారాష్ట్ర ప్రభుత్వము 1977లో ఔరంగాబాదున సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించినది; అకాడమీలకు లక్షలు పోయుటకంటె దాని ప్రవేశపరీక్షకు చదివించుట మేలు. ఆడపిల్లలకును ఈ దారి తెరచుకొన్నది: ఖడక్‌వాస్లాలోని ఎన్.డి.ఏ.నుండి 2025 మేలో 17 మంది తొలి మహిళా క్యాడెట్లు పట్టభద్రులైరి. పరీక్షయే వ్రాయనక్కరలేని తలుపును ఒకటి కలదు: కళాశాలలో ఎన్.సి.సి. చేరి ‘సి’ సర్టిఫికెట్టును కనీసము ‘బి’ గ్రేడుతో సంపాదించి, నూటికి 50 మార్కులతో డిగ్రీ పూర్తిచేసినవాడు నేరుగా ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకు పోవచ్చును, ఎంపికయైనచో చెన్నైలో శిక్షణ, పదేండ్ల స్వల్పకాల కమిషను, కోరినచో మరి నాలుగేండ్లు. నాందేడ్‌లో 52 మహారాష్ట్ర బెటాలియను ఎన్.సి.సి. యున్నది. ‘సి’ సర్టిఫికెట్టు అగ్నివీరుల భర్తీలోను అదనపు మార్కుల నిచ్చును. ఇంటర్వ్యూ తప్పినను డిగ్రీ చేతిలో నుండును. ఏ మలుపునను చేతులు ఖాళీగా మిగులని మార్గము ఇంతకంటె వేరొకటి నాకు కానరాదు.

ఈ మాట విని తొమ్మిదేండ్ల పిల్లలను సైనిక్ స్కూలు కోచింగు హాస్టళ్లలో పడవేయువారు తయారగుదురని నాకు భయము. 1961లో సాతారాలో తొలి సైనిక్ స్కూలు తెరచిననాడు గాని, కోరుకొండలో తెరచిననాడు గాని, ఆ పాఠశాలలు ఉద్దేశించినది పల్లెపిల్లలను అధికారులుగా తీర్చుట; నాలుగవతరగతి పిల్లవానిని తల్లినుండి వేరుచేసి రోజుకు పది గంటలు గణితము బట్టీపట్టించుట కాదు. ఆరవతరగతి ప్రవేశపరీక్షకు తన పాఠశాల చదువుతోపాటు ఇంటియొద్ద చదివిన పిల్లవానికి వచ్చిన సరే. రాకున్నచో వాడు ఓడిపోయినట్లు ఎవ్వరును మాట్లాడరాదు. రాత్రులు పక్కతడుపుచున్నాడని హాస్టలునుండి ఫోను వచ్చినను ‘ఓర్చుకొనవలె’నని చెప్పు తల్లిదండ్రులను నేనెరుగుదును. వారి కుమారుడు లెఫ్టినెంటు కావలయునని కోరుట పాపము కాదు. దానికై వాని బాల్యమును కుదువపెట్టుట పాపము.

కావున నా వాదమును క్రోడీకరించి చెప్పుచున్నాను. చదువు సాగుచున్న పిల్లవానిని డిగ్రీయు ఎన్.సి.సి.యు పూర్తిచేయనిండు. స్థిరమైన జీతమే ముఖ్యమైనచో సాయుధ పోలీసు దళముల పరీక్ష వ్రాయింపుడు. సైన్యమే కావలయునని వాడే పట్టుబట్టినచో అగ్నివీరునిగా పోనిచ్చి, మొదటి సంవత్సరముననే డిగ్రీలో పేరు వ్రాయింపుడు. స్వంతజీవనము కుదురుకొని, హృదయమున కోరిక మిగిలిన ముప్పదియేండ్లవాడు ప్రాదేశిక సేనకు పోవుగాక. హోంగార్డును మెట్టుగా మాత్రమే వాడుకొనుడు.

అకాడమీ గుమాస్తాకు రూపాయి చెల్లించుటకు ముందు, పిల్లవానిని కూర్చుండబెట్టుకొని ఒక కాగితముపై మూడు మాటలు వానిచేతనే వ్రాయింపుడు: ఇరువదియైదవ యేట నీవేమి పనిచేయుచుందువు, ఎంపిక కానిచో మరునాడు ఏమి చేయుదువు, ఈ కోరిక నీదా మాదా? మొదటి రెంటికి జవాబు వ్రాయలేకున్నచో ఇంకొక ఆరునెలలు ఆగుడు. మూడవదానికి పిల్లవాడు మీ ముఖము చూచి వ్రాసినచో, ఆ ఫీజు సొమ్ముతో వానిని కళాశాలలో చేర్పింపుడు.